బర్రెను ‘మీరు’ అని పిలిచిన మనిషి

నిన్న పొద్దున పాలు పిండటానికి కూర్చుంటే, చుక్క బర్రె కాలు తెచ్చి నా బకెట్ పక్కన పెట్టింది. "జర పక్కకు జరగండి" అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. వెనక పేడ ఎత్తుతున్న మా కోడలు గంప కింద పెట్టి నడుము పట్టుకుని నవ్వింది.

"ఏందత్తా, బర్రెకు అండి పెడుతున్నవ్. నాకెప్పుడన్న పెట్టినవా?"

"నువ్వు గూడ పూటకు గిన్ని పాలియ్యి, నీకూ పెడ్త" అన్నాను.

నవ్వులాటగా పోయింది గానీ, ఆ ‘అండి’ నాది కాదు. మా పుట్టింట్లో లేదు, మెట్టినింట్లో లేదు. దాన్ని నా నోట్లో మరిచిపోయి వెళ్ళినామె ఒకామె ఉంది. పేరు రాయను. పేరు పెట్టి నేను ఆమెను పిలిచింది కూడా లేదు. మొదట్లో మేడం అన్నాను, ఆ తర్వాత బిడ్డా అన్నాను, అంతే.

మా కొట్టం తెల్లాపూర్‌లో, కిరాయి జాగాలో ఉంది. మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాయి. పై అంతస్తుల బాల్కనీల్లో నిలబడితే మా బర్రెల వీపులు కనిపిస్తాయట. మా పాలు తాగేది వాళ్ళే, వాసన వస్తోందని అనేది కూడా వాళ్ళే. కరోనా సద్దుమణిగిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఒక కంపెనీ వాళ్ళు వచ్చి మా ఆయనతో మాట్లాడారు. బర్రెల మెడలకు పట్టీలు కడతాం, మీకు ఖర్చేమీ ఉండదు అన్నారు. ఒక్కో పట్టీకి అగ్గిపెట్టె అంత డబ్బీ ఉంది. బర్రె తల దించినా ఎత్తినా, దవడ ఆడించినా, పడుకున్నా, ఆ కదలికను బట్టి అది ఏం చేస్తోందో డబ్బీ పసిగట్టి ఫోన్‌కు పంపుతుంది. ఫోన్‌లో రంగుల గీతలు వస్తాయి. మేస్తే పచ్చ, నెమరేస్తే నీలం, పడుకుంటే ఊదా, ఊరికే నిలబడితే బూడిద. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. రంగులు వస్తాయి.

అయితే డబ్బీకి పుట్టుకతో ఏమీ తెలియదు. ఎవరో ఒకరు బర్రె పక్కన కూర్చుని, కళ్ళారా చూసి, ఇదిగో ఇది మేత, ఇది నెమరు అని దానికి నేర్పాలి. ఆ నేర్పే పని మీద వచ్చిందామె. భీమవరం వైపు మనిషి. నలభైకి అటూ ఇటూ ఉంటుంది. సన్నగా, కొంచెం ముందుకు వంగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు నడిచేది.

మొదటి రోజు గేటు దగ్గర చెప్పులు విప్పబోయింది. "అయ్యో, వేసుకోమ్మా, లోపల అంత పేడే" అన్నాను. మెడలో ఆఫీసు కార్డు, నీలం పట్టీతో వేలాడుతోంది. మా ఆయన దాన్నే చూస్తూ, "మీకు గూడ మెడపట్టీ ఉన్నదే మేడం" అన్నాడు.

ఆమె కార్డు వైపు చూసుకుని నవ్వింది. "ఉందండి. నేను లోపలికి ఎప్పుడొచ్చానో, బయటికి ఎప్పుడెళ్ళానో దీనికి తెలుస్తుందండి."

"మరి నెమరేసేది తెలుస్తదా?"

"అది మా మేనేజరుగారికి తెలుస్తుందండి."

ఆ రోజు నుంచి, రాగానే ఆ కార్డు తీసి, గేటు పక్కన మా ఆయన తువాలు వేసుకునే మేకుకు తగిలించి గానీ లోపలికి వచ్చేది కాదు. తువాలు, కార్డు పక్కపక్కన వేలాడుతుంటే, ఆమె ఇంకా కొట్టంలోనే ఉందని మాకు గుర్తు.

ఆమెకు బర్రెలంటే భయం. ఇది మాకు మొదటి రోజే తెలిసిపోయింది. చుక్క ఈగను తోలడానికి తల ఒక్క విసురు విసిరితే, ఈమె వెళ్ళి గడ్డి కట్టల మీద ఎక్కి కూర్చుంది.

"గిట్ల భయపడేటోళ్ళు బర్రెల పని ఎట్ల జేస్తరమ్మా?"

"ఆఫీసులో తెర మీదే చూస్తామండి. అక్కడ కొమ్ములు చిన్నగా ఉంటాయి."

భయం వల్లనో, వాళ్ళ వైపు పద్ధతి వల్లనో, బర్రెలతో ఆమె మాట్లాడే తీరు వేరు. పట్టీ సరిచేయాలంటే ముందు ఎదురుగా నిలబడేది. "మీ మెడ కొంచెం ఇటు ఇవ్వండి" అనేది. బర్రె తనంతట తాను తల తిప్పేదాకా నిలబడే ఉండేది. మా ఆయనకు అది చూస్తే ఆగేది కాదు. "బర్రెకు మీరు ఏంది మేడం?" అని అడిగాడు. "కొత్త పరిచయం కదండీ" అంది. వానాకాలం వచ్చాక ఆయన మళ్ళీ అడిగాడు, "ఇంక గూడ కొత్తనేనా?" అని. "ఇప్పుడు మానేస్తే కోపం వచ్చిందనుకుంటారండి" అంది. నిజం చెప్పొద్దూ, అప్పటికి మా బర్రెలు మా అదిలింపుల కంటే ఆమె ‘అండి’కే తొందరగా జరిగేవి.

నన్ను పిన్నిగారూ అనేది. మా దిక్కు చిన్నమ్మ అంటాం, గారు తగిలించడం మాకు లేదు. మొదట్లో ఆ పిలుపు వినగానే వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని చూసేదాన్ని.

రంగు డ్రమ్ము ఒకటి బోర్లించుకుని కూర్చునేది. చేతిలో పలక లాంటి ఫోన్. చూడటం అంటే ఆమె చూడటమే. మేం కూడా పుట్టినప్పటి నుంచీ బర్రెలను చూస్తున్నాం గానీ, మాది పని మీద చూపు. పాలెన్ని, ఎద ఎప్పుడు, కుంటుతుందా, జ్వరమా. ఆమె ఏ పనీ లేకుండా చూసేది. ఒక బర్రె పడుకోబోయి, ముందు మోకాళ్ళు వంచి, మళ్ళీ లేచి నిలబడితే, ఆమె కూడా డ్రమ్ము మీద కొంచెం లేచి కూర్చునేది.

అట్లా చూసే, ఒకరోజు మా ఆయనతో నేల సంగతి ఎత్తింది. ఆ ఏడాదే మేం కొట్టానికి గట్టి సిమెంటు నేల పోయించాం. కడిగితే అద్దంలా ఉంటుందని మాకు గొప్పగా ఉండేది. ఫోన్‌లో ఊదా రంగు తగ్గి బూడిద పెరిగిందని చూపించింది. "నేల గట్టిగా ఉందండి. పడుకోవాలని ఉంటుంది, మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు."

మా ఆయన కొట్టిపారేశాడు. "బర్రెకు పరుపు ఎయ్యాల్నా మేడం?"

"పరుపు కాదండి, ఇసుక. ఒక్క మూల చాలు. వారినే అడుగుదాం."

పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర మిగిలిన ఇసుక అడిగి తెచ్చి ఒక మూల పరిచాం. కట్టు విప్పగానే బర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అక్కడికే పోయాయి. చుక్క అందరికంటే ముందు పడుకుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. మా ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. మర్నాడు కొట్టమంతా ఇసుక పోయించాడు. ఆమె మాత్రం గెలిచినట్టు ఒక్క మాట అనలేదు. "పడుకున్నారండి" అంది, అంతే. సొంత పిల్లలను నిద్రపుచ్చి వచ్చినట్టు నెమ్మదిగా అంది.

ఆ చలికాలం చుక్కకు పుట్టిన దుడ్డె చచ్చిపోయింది. ఈనిన వారానికే పారుడు పట్టి, డాక్టరు వచ్చేలోపే పోయింది. చుక్క పాలు చేపడం మానేసింది. పొదుగు రాయిలా అయింది. సూది వేస్తే పాలు దిగుతాయని ఒకాయన సలహా ఇచ్చాడు. మా ఆయన అతన్ని గేటు దాకా సాగనంపి వచ్చాడు. మా మామ కాలం నుంచీ మాకు తెలిసిన పద్ధతి ఒకటే. దుడ్డె తోలు తీయించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించాం. నాలుగు కట్టె కాళ్ళు పెట్టి చుక్క ముందు నిలబెట్టాం. చుక్క వాసన చూసింది. నాకడం మొదలుపెట్టింది. నాకుతూ నాకుతూ పాలు చేపింది.

రెండు రోజుల తర్వాత ఆమె ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"పిన్నిగారూ, చుక్కగారికి పొద్దుటి నుంచీ పచ్చే వస్తోందండి. దుఃఖంలో కూడా మేస్తున్నారని సంతోషపడ్డాను. కానీ నీలం రావట్లేదు. అంత మేస్తే నెమరు వేయాలి కదండీ. ఒకసారి చూసి చెప్తారా?"

నేను చూడనక్కర్లేదు, ఎదురుగానే ఉన్నాను. "అది మేస్తలేదు బిడ్డా. దుడ్డెను నాకుతున్నది. దాని ముందట గడ్డి పక్క బర్రె గుంజుకుంటున్నది."

డబ్బీకి తల ఊగడం ఒకటే తెలుసు. గడ్డి అందుకోవడానికి ఊగే తల, బిడ్డను నాకడానికి ఊగే తల దానికి ఒక్కటే. చుక్క కడుపు ఎండుతుంటే ఫోన్‌లో మాత్రం పచ్చగా ఉంది.

"వస్తున్నానండి" అని పెట్టేసింది.

వచ్చింది. కార్డు మేకుకు తగిలించింది. గడ్డి దుడ్డెను చూస్తే జడుసుకుంటుందేమోనని నేను ముందే చెబుదామనుకున్నాను. జడుసుకోలేదు. దగ్గరికి వెళ్ళి, చుక్క ముఖం వైపు చూసి, "ఒక్క నిమిషమండి" అంది. నాకీ నాకీ లోపలికి ముడుచుకుపోయిన ఆ దుడ్డె చెవిని వేళ్ళతో తీసి సరిచేసింది.

గోడ పక్కన నిలబడి ఆఫీసు వాళ్ళతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ చెప్పుతో ఒక్కచోటే ఇసుకను రాస్తూ ఉంది. తిరిగి వచ్చి డ్రమ్ము మీద కూర్చుంది.

"ఏమన్నరు బిడ్డా?"

"ఈ గేదెను లెక్కలోంచి తీసెయ్యమన్నారండి. గడ్డి దూడను నాకేవి ఎన్ని ఉంటాయి, దానికోసం ఇంకో రంగు పెడతామా అన్నారు."

"నువ్వేమన్నవ్?"

"బతికున్న దూడను కూడా నాకుతారు కదండీ. ఆ రంగు లేకపోతే, ఏ తల్లి పస్తున్నా మనకు తిన్నట్టే కనబడుతుంది అన్నాను."

"ఇంటరా మరి?"

"చూద్దామండి. నేర్పడం అయితే నేర్పుతాను."

ఇక రోజూ వచ్చింది. చుక్క నాలుక బయటికి వచ్చినప్పుడల్లా ఫోన్ మీద వేలు పెట్టేది. ఆ రోజుల్లోనే నేను ఆమె అన్నం డబ్బా గుట్టు పట్టుకున్నాను.

మధ్యాహ్నం అవగానే ఆమె స్టీలు డబ్బా తెరిచేది. పప్పో పులుసో అన్నంలో పోసుకుని, ఎంత శ్రద్ధగా కలిపేదో చెప్పలేను. ఒక్క మెతుకు విడిగా ఉండకూడదన్నట్టు కలిపేది. కలిపి, ముద్ద చేసి, ఆ ముద్ద వైపు చూసి, మూత పెట్టేసేది. చెయ్యి కడుక్కునేది. ఆ అన్నం మా కంట పడకుండా గేటు బయట కుక్కకు పోయేది. వేళ్ళకు పసుపు మరక, పక్కన కడిగిన డబ్బా చూసి తినేసిందనే అనుకునేవాళ్ళం. నేను కూడా చాన్నాళ్ళు అట్లాగే అనుకున్నాను. చుక్క సంగతి జరిగాక నా చూపు మారింది.

"నువ్వు గూడ పచ్చ రంగే చూపిస్తున్నవ్ బిడ్డా" అన్నాను.

మూత పెడుతున్న చెయ్యి ఆగింది. అబద్ధం ఆడదామని చూసింది, ఆమె వల్ల కాలేదు.

"మా అమ్మ కలిపి పెట్టేదండి. నాకు పెళ్ళయ్యాక కూడా. ఊరెళితే, పెద్ద పళ్ళెంలో కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది. కరోనాలో పోయింది. నేనిక్కడ ఉన్నాను, అక్కడ దవాఖాన... ఆసుపత్రి వాళ్ళు చూడనివ్వలేదు." ‘దవాఖాన’ అనే మా మాట ఆమె నోట రావడం నాకు అప్పుడు వింతగా అనిపించలేదు, తర్వాత అనిపించింది. "కలపడం వరకూ చెయ్యి దానంతటదే చేస్తుందండి. ఆ తర్వాత ఎవరో అందుకుంటారని చూస్తూ ఉంటుంది."

"ఇంట్ల ఏం తింటవ్?"

"టీ తాగుతానండి. బిస్కెట్లు."

నా గిన్నె తెచ్చుకున్నాను. అందులో పచ్చిపులుసు, వేడన్నం ఉన్నాయి. వాళ్ళింట్లో చింతపండు కాచకుండా పులుసు చేయరట, ఆమెకది తెలియని వంట. కలిపి, ముద్ద చేసి, "చెయ్యి పట్టు" అన్నాను. పట్టింది. చేతిలో పెట్టాను. ఆమె నా వైపు చూడలేదు, చుక్క వైపు చూస్తూ నోట్లో పెట్టుకుంది. నమిలింది. మళ్ళీ చెయ్యి చాపింది. గిన్నె అడుగు కనపడేదాకా పెట్టాను. నేను వాళ్ళమ్మను కానని ఆమెకు తెలుసు. గడ్డి దుడ్డె తన దుడ్డె కాదని చుక్కకు కూడా తెలిసే ఉంటుందని నాకు మొదటి నుంచీ అనుమానం.

చివరి ముద్ద చేతిలో ఉండగానే ఆమె అంది, "పిన్నిగారూ, చుక్కగారికి కూడా అలాగే పెడితేనో?"

"ఎట్ల?"

"వారు నాకే చోటే పెడదాం."

తవుడు తడిపి, కొంచెం బెల్లం, కొంచెం ఉప్పు కలిపి, గడ్డి దుడ్డె వీపు మీద మెత్తినట్టు పెట్టాం. చుక్క ఎప్పటిలా నాకింది. నాలుకకు తవుడు తగిలింది. ఆగి మా ఇద్దరి వైపూ చూసింది. మళ్ళీ నాకింది. ఆ పూటకు తవుడు దుడ్డె వీపు మీద, మర్నాడు దుడ్డె కాళ్ళ దగ్గర, ఆ తర్వాత దాని పక్కన తొట్టిలో. ఒకరోజు మధ్యాహ్నం నేను మళ్ళీ ముద్దలు పెడుతుండగా, ఆమె ఫోన్ ఎత్తి నాకు చూపించింది. సన్నగా, దారం పోగంత నీలం గీత.

"నెమరేశారండి" అంది. కళ్ళ నీళ్ళు తుడుచుకుందామంటే చేతికి అన్నం ఉంది. మోచేత్తో తుడుచుకుంది.

ఆ నాకుడుకు ఏ రంగు పెట్టాలని నన్నే అడిగింది. ఆఫీసు వాళ్ళు ఒప్పుకుంటే గదా అన్నాను. ఒప్పుకున్నట్టే అనుకుని చెప్పండి అంది. "పసుపు పెట్టు బిడ్డా. మంచికైనా చెడుకైనా అదే కావాలె" అన్నాను.

ఎండలు ముదిరేలోపు కంపెనీ వాళ్ళు ఇక్కడ పని చాలించుకున్నారు. ఆమెను పూణే పంపిస్తున్నారట. పట్టీలు విప్పుకోవడానికి తనే వచ్చింది. ఒక్కో బర్రె ఎదుట నిలబడి, "మీ మెడ ఇటు ఇవ్వండి, ఇక బరువు ఉండదు" అంటూ విప్పింది. గడ్డి దుడ్డె అప్పటికి లేదు. చుక్క దాన్ని పట్టించుకోవడం మానేశాక, మెల్లగా తీసేశాం. అది ఉండే చోటు దగ్గర ఆమె ఒక్క క్షణం నిలబడింది.

"ఆ పసుపు ఏమైంది బిడ్డా?"

"ఇచ్చి వెళుతున్నానండి. పెడతారో, పక్కన పడేస్తారో నా చేతిలో లేదు."

"పూణేల ఎవరు కలిపి పెడతరు?"

నవ్వింది. ఆ రోజు కూడా నేను కలిపాను. తిని, చెయ్యి కడుక్కుని, మేకు మీంచి కార్డు తీసుకుని మెడలో వేసుకుంది. గేటు దాటి, మళ్ళీ వెనక్కి వచ్చింది. తనది తీసేటప్పుడు కింద పడిన మా ఆయన తువాలును దులిపి మేకుకు తగిలించి వెళ్ళింది.

కొన్నాళ్ళు ఫోన్ చేసేది. ఎత్తగానే, "చుక్కగారు మేశారాండీ?" అనేది. "అది మేసింది, నువ్వు మేసినవా?" అనేదాన్ని. "పచ్చేనండి" అనేది. "నీలం వచ్చిందా?" అని నేను గట్టిగా అడిగితే, అటు నుంచి నవ్వు వినిపించేది. ఆ నవ్వులో తిన్న మనిషి బలం ఉందా లేదా అని నేను చెవి పెట్టి వినేదాన్ని. తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. ఒకరోజు నేనే చేయించాను. ఆ నంబరు వాడుకలో లేదని ఒక అమ్మాయి గొంతు చెప్పింది. మా కొడుకు ఆ ఫోన్‌లో, ఈ ఫోన్‌లో వెతికాడు. ఆఫీసు దగ్గరికి కూడా పోయి వచ్చాడు. ఆ కంపెనీ బోర్డు మారిపోయింది, సెక్యూరిటీ వాళ్ళూ మారిపోయారు.

ఈ ఏడాది మా వాడు బర్రెలకు మళ్ళీ పట్టీలు కొన్నాడు. ఇప్పుడు అందరూ కట్టిస్తున్నారట. ఏ కంపెనీవో నేను అడగలేదు. చుక్క ఈ మధ్యే ఈనింది. ఈసారి దుడ్డె గట్టిది, పుట్టిన పూటే లేచి తల్లి కింద దూరింది. నిన్న పొద్దున నా నోట ‘అండి’ వచ్చినప్పటి నుంచీ మనసు మనసులో లేదు. ఇవాళ మధ్యాహ్నం నేను అన్నం ముందు కూర్చోగానే మా వాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, చుక్కకు ఇదేందో కొత్త రంగు వస్తున్నది చూడు. మేత గాదు, నెమరు గాదు. నాకుడని రాసున్నది."

చూశాను. పచ్చకూ నీలానికీ నడుమ, వెడల్పుగా, పసుపు.

అటు చుక్క దుడ్డె వీపు మీద నాలుక ఆడిస్తోంది. కళ్ళు సగం మూసుకుని ఉంది. ఫోన్‌లో పసుపు ఇంకొంచెం పొడుగైంది.

"గిది ఎవరు పెట్టిండ్రో గని మంచిగ పెట్టిండ్రు" అన్నాడు మా వాడు. నేను అవునన్నాను.

వాడు వెళ్ళాక చూసుకుంటే, చేతిలో ముద్ద చేసి ఉంది. పచ్చిపులుసన్నం. నాకు తెలియకుండానే చెయ్యి కలిపి, ముద్ద చేసి, అరచేతిలో పట్టుకుని కూర్చుంది. ఎవరైనా అందుకుంటారేమోనని గేటు వైపు చూశాను. మేకుకు మా ఆయన తువాలు ఒక్కటే వేలాడుతోంది.